విండోస్ 10 లాప్‌టాప్‌ని లినక్స్‌కి మార్చాలి: ముందు దేనితో మొదలుపెట్టాలి?

#1 పాతడబ్బా
ఇంట్లో నలుగురం వాడే లాప్‌టాప్. ఐ5-7200యూ, 8 జీబీ ర్యామ్, 1 టీబీ తిరిగే హార్డ్ డిస్క్, ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎన్విడియా 940ఎంఎక్స్. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 11 వేద్దామంటే 7వ తరం ప్రాసెసర్‌ని లోపలికి రానివ్వదు. వాడకం చెప్పాలంటే బ్రౌజర్, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు, తెలుగు టైపింగ్, ఒక లేజర్ ప్రింటర్. డీ డ్రైవ్ నిండా ఫొటోలు.

ఎవర్నడిగినా లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) తలో పేరు చెప్తున్నారు: మింట్, ఉబుంటు, ఫెడోరా, జోరిన్. వీడియోల్లో పది నిమిషాల పనే అంటారు. కింద కామెంట్లు చూస్తే "డిస్క్ కనపడట్లేదు", "వైఫై రాలేదు", "విండోస్ ఎగిరిపోయింది". విండోస్ ఉంచి పక్కన వేసుకోవాలా (డ్యూయల్ బూట్), మొత్తం తుడిచెయ్యాలా?

#2 సుడోసుబ్బడు
మింట్, సినమన్ ఎడిషన్. థ్రెడ్ క్లోజ్.

#3 డెబియన్‌దాసు
నేను రాకుండానే క్లోజ్ ఎలా అవుద్ది?

#4 గ్రబ్‌గణపతి
పేరు సంగతి తర్వాత. కామెంట్లలో ఏడుపుల్లో చాలా భాగం లినక్స్ వల్ల కాదు, విండోస్ వైపు చెయ్యాల్సిన పని చెయ్యకుండా పెన్‌డ్రైవ్ పెట్టడం వల్ల. ఆ పని ఇదీ:

ఎన్‌క్రిప్షన్ ముందు చూడండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ప్రో ఎడిషన్‌లోనే కదా అనుకుంటారు. హోమ్‌లో కూడా "డివైజ్ ఎన్‌క్రిప్షన్" పేరుతో అడక్కుండానే ఆన్ అయి ఉండొచ్చు. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ తీసి కాగితం మీద రాసుకోండి. అదే లాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే లాభం లేదు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే కాపలా) మార్చినా, బూట్ వరస మారినా విండోస్ మొదట అడిగేది ఆ కీనే. పార్టిషన్లు (డిస్క్‌లోని భాగాలు) కదిలించే పని ఉంటే ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆపేసి, డీక్రిప్ట్ వంద శాతం అయ్యేదాకా ఆగండి.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) భాగం డిస్క్ మీద సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డ్రైవ్‌ని లినక్స్ చదువుతుంది గానీ రాయనివ్వదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" లోపల టిక్ తీసెయ్యండి.

వన్‌డ్రైవ్ చాలామంది మర్చిపోతారు. ఫైల్ పక్కన నీలం మబ్బు గుర్తు ఉందంటే ఆ ఫైల్ మీ డిస్క్ మీద లేదు, పేరు మాత్రమే ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైజ్" నొక్కి, మబ్బులన్నీ ఆకుపచ్చ టిక్కులయ్యాక కాపీ చెయ్యండి. అలా కాకుండా లినక్స్‌లోంచి ఆ ఫోల్డర్ తెరిస్తే ఫైల్ పేర్లు కనపడతాయి, ఒక్కటీ తెరుచుకోదు.

ఫొటోలు ఇంకో డిస్క్ మీదకి కాపీ అయ్యాయని ఖాయం చేసుకున్నాకే మిగతాది. "డీ డ్రైవ్ ముట్టుకోను కదా" అని కాపీ తియ్యకపోవడం మాత్రం వద్దు. ఇన్‌స్టాలర్‌లో "ఇరేజ్ డిస్క్" అంటే సీ, డీ తేడా లేదు, డిస్క్ మొత్తం పోతుంది.

#5 నీలితెర
పైదానికి ఒకటి కలపండి: లైసెన్స్. విండోస్ 10తో వచ్చిన మెషీన్ అయితే డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డ్‌కి కట్టేసి ఉంటుంది. రేపు వెనక్కి వెళ్లాలన్నా అదే ఎడిషన్ మళ్లీ వేస్తే, నెట్ తగిలాక దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఆ భయంతో విండోస్‌ని పట్టుకుని వేలాడక్కర్లేదు.

#6 తిరగనిడిస్క్
అసలు జబ్బు వేరే ఉంది, ఎవరూ చెప్పట్లేదు. 1 టీబీ తిరిగే డిస్క్. దాని మీద మింట్ వేసినా ఉబుంటు వేసినా బ్రౌజర్ తెరుచుకునేలోపు కునుకు పడుతుంది. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ ఒకటి తీసుకోండి, 240 జీబీ చాలు. పాత డిస్క్ ఊడదీసి దాని చోట ఇది పెట్టి, లినక్స్ దీని మీద వెయ్యండి. డ్యూయల్ బూటా, తుడవడమా అన్న ప్రశ్నే ఉండదు. పాత డిస్క్ విండోస్‌తో సహా ఉన్నదున్నట్టు పక్కన ఉంటుంది. నచ్చకపోతే మళ్లీ బిగించుకోవడమే.

ఎం.2 స్లాట్ (కార్డు ఆకారపు ఎస్ఎస్‌డీ దూర్చే గాడి) ఉందని తెలిస్తే కొనేముందు మాన్యువల్ చూడండి. ఆ కాలం లాప్‌టాప్‌లలో కొన్ని స్లాట్లు సాటా ఎం.2ని మాత్రమే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ తీసుకుంటాయి. కార్డు గాడిలో దూరినంత మాత్రాన పనిచేస్తుందని కాదు.

డీవీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసేసి పాత డిస్క్‌ని క్యాడీ అనే ట్రేలో ఆ చోట పెట్టొచ్చు. క్యాడీలు 9.5 మి.మీ., 12.7 మి.మీ. అని రెండు మందాల్లో వస్తాయి. డ్రైవ్ బయటికి లాగి స్కేలుతో కొలిచి కొనండి.

#7 సుడోసుబ్బడు
ఒప్పుకుంటా. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే ఆ ఐ5 ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. మింట్ అధికారికంగా అడిగేది 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్. హాయిగా ఉండాలంటే 4 జీబీ, 100 జీబీ అంటారు. ఇక్కడ రెండూ దాటేశాం.

#8 అరవైనాలుగుబిట్లు
ఎస్ఎస్‌డీ సలహా బాగుంది గానీ "డ్యూయల్ బూట్ ప్రశ్నే ఉండదు" అనడం తొందరపాటు. ఇంట్లో నలుగురు వాడతారని మొదటి పోస్టులోనే ఉంది. ఒకరికి ఎక్సెల్ మాక్రోలు కావాలంటే? లినక్స్‌లో ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రేఆఫీస్ ఆ (వీబీఏ) మాక్రోల్లో కొన్నే నడుపుతుంది. రేపు పొద్దున ఆ ఫైల్ తెరుచుకోకపోతే స్క్రూడ్రైవర్ పట్టుకుని డిస్క్ మారుస్తారా?

#9 గ్రబ్‌గణపతి
@అరవైనాలుగుబిట్లు అలాంటి ఒకటి రెండు ప్రోగ్రాముల కోసం లినక్స్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టుకుంటే సరిపోతుంది. 8 జీబీలో 4 జీబీ దానికిస్తే మిగతా 4లో లినక్స్ తూలుతూ నడుస్తుంది, కానీ నడుస్తుంది. రోజంతా అదే పని అయితే మాత్రం లినక్స్‌కి మారడమే వాళ్లకి నప్పదు. అది ముందే తేల్చుకోవాలి. ఫొటోషాప్, ఆటోక్యాడ్ రోజూ వాడేవాళ్లకీ ఇదే మాట.

#10 డెబియన్‌దాసు
ఒకే డిస్క్ మీద డ్యూయల్ బూట్ చేసేవాళ్లు ఈ థ్రెడ్ చదువుతుంటే వాళ్లకోసం: సీ డ్రైవ్‌ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించండి. 300 జీబీ ఖాళీ ఉన్నా 20 జీబీయే కుదిస్తానంటే, పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు మధ్యలో కూర్చుని ఉన్నాయని అర్థం. మూడూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

ఇన్‌స్టాలర్‌లో "సమ్‌థింగ్ ఎల్స్" ఎంచుకుంటే 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి కనిపిస్తుంది. విండోస్ బూట్ ఫైళ్లు ఉండేది దాంట్లోనే. దాన్ని వాడుకోమని చెప్పండి గానీ "ఫార్మాట్" గడిలో టిక్ పెట్టొద్దు. "విండోస్ ఎగిరిపోయింది" బాపతులో సగం ఆ ఒక్క టిక్కే. మింట్, ఉబుంటు, డెబియన్‌లకి ఆ 100 ఎంబీ చాలు. పాప్ ఓఎస్ మాత్రం కెర్నల్ ఫైళ్లు కూడా అందులోనే పెడుతుంది, దానికి చాలదు.

#11 కొత్తపెన్‌డ్రైవ్
పెన్‌డ్రైవ్ తయారీ ఎలా? ఐఎస్ఓని (లినక్స్ ఇన్‌స్టాల్ ఫైల్) పెన్‌డ్రైవ్ మీద రాసే రూఫస్ టూల్, డిస్క్ పద్ధతి జీపీటీనా, ఎంబీఆరా అని అడుగుతోంది. తర్వాత ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని ఇంకోటి.

#12 గ్రబ్‌గణపతి
ముందు విండోస్‌లో ఎంఎస్ఇన్ఫో32 తెరిచి "బయోస్ మోడ్" అన్న వరస చూడండి. యూఈఎఫ్ఐ అని ఉంటే రూఫస్‌లో జీపీటీ. లెగసీ అని ఉంటే ఎంబీఆర్. డ్యూయల్ బూట్ అయితే విండోస్ ఏ మోడ్‌లో ఉందో లినక్స్ కూడా అదే మోడ్‌లో వెయ్యాలి. లేకపోతే రెండూ ఒకదానికొకటి కనపడవు, ప్రతిసారీ బయోస్‌లోకెళ్లి మార్చుకోవాలి.

ఐఎస్ఓ మోడ్‌తో రాయండి. బూట్ అవ్వకపోతే డీడీ మోడ్‌తో మళ్లీ రాయండి. డీడీతో రాశాక విండోస్ ఆ పెన్‌డ్రైవ్‌ని చూసి "ఫార్మాట్ చెయ్యాలి" అని పాపప్ వేస్తుంది. క్యాన్సిల్ కొట్టండి. పాడైపోలేదు, ఆ ఫైల్‌సిస్టమ్ దానికి చదవడం రాదు, అంతే.

మింట్ ఐఎస్ఓ దాదాపు 3 జీబీ ఉంటుంది. 4 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, 8 ఉంటే నయం. రూఫస్‌లో ఐఎస్ఓ ఎంచుకున్నాక పక్కనే టిక్ ఆకారంలో ఒక బటన్ ఉంటుంది. నొక్కితే ఎస్‌హెచ్ఏ256 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి అంకె) చూపిస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో పోల్చండి.

#13 కొత్తపెన్‌డ్రైవ్
అసలు సైట్ నుంచే దించినప్పుడు పోల్చడం దేనికి? చాదస్తం కాదా?

#14 డెబియన్‌దాసు
2016 ఫిబ్రవరిలో మింట్ సొంత సైట్‌నే హ్యాక్ చేసి డౌన్‌లోడ్ లింకుని దొంగ ఐఎస్ఓ వైపు తిప్పేశారు.  అదీగాక నెట్ మధ్యలో తెగి సగం పాడైన ఐఎస్ఓతో ఇన్‌స్టాల్ 80 శాతం దగ్గర ఆగిపోవడం కూడా మామూలే.

#15 రైజన్‌రాణి
ఒక పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు డిస్ట్రోలు పెట్టి చూద్దామనుకుంటే వెంటాయ్ అనే టూల్ వాడండి. ఒకసారి ఇన్‌స్టాల్ చేసి ఐఎస్ఓలు మామూలు ఫైళ్లలా కాపీ చెయ్యడమే. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మొదటిసారి దాని కీ ఎన్‌రోల్ చెయ్యమంటుంది.

లైవ్‌లో (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ మీంచే) బూటయ్యాక ఇన్‌స్టాల్ ఐకాన్ మీదకి ఎగబడకండి. ముందు వైఫై, సౌండ్, వెబ్‌క్యామ్, టచ్‌ప్యాడ్‌లో రెండు వేళ్ల స్క్రోల్, బ్రైట్‌నెస్ బటన్లు చూడండి. మూత మూసి తెరిచి నిద్ర లేస్తుందో లేదో కూడా చూడండి. నిద్ర లేవకపోవడమే లాప్‌టాప్‌లలో అన్నింటికంటే విసిగించే సమస్య. వేగం మాత్రం లైవ్‌లో చూసి తీర్పు చెప్పొద్దు, అది పెన్‌డ్రైవ్ వేగం.

#16 ఆకలివైఫై
నా కేసు: 11వ తరం ఇంటెల్ లాప్‌టాప్, 512 ఎన్‌వీఎంఈ. లైవ్‌లో అన్నీ బ్రహ్మాండం. ఇన్‌స్టాలర్‌లో డిస్క్ లిస్టులో పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది. అసలు డిస్క్ లేదు.

#17 గ్రబ్‌గణపతి
@ఆకలివైఫై బయోస్‌లో స్టోరేజ్ "ఆర్ఎస్‌టీ" లేదా "రెయిడ్" మోడ్‌లో ఉందన్నమాట. ఏహెచ్‌సీఐ అనే మామూలు డిస్క్ మోడ్‌కి మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ "ఇన్ఆక్సెసబుల్ బూట్ డివైజ్" అని నీలితెర వేస్తుంది. ఎందుకంటే బూట్ సమయంలో ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని లోడ్ చేసుకోవాలని దానికి తెలీదు. వరస ఇదీ: విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్. రీస్టార్ట్ చేసి అది విండోస్‌లోకి వెళ్లకముందే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ చెయ్యండి. సేఫ్ మోడ్‌లో లేస్తుంది, అప్పుడే సరైన డ్రైవర్ పట్టుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో టిక్ తీసి రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచెయ్యకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి. బిట్‌లాకర్ కీ చేతిలో ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

#18 ఆకలివైఫై
కొన్ని బయోస్‌లలో ఆర్ఎస్‌టీ అన్న పేరే లేదు, "వీఎండీ కంట్రోలర్" అని ఉంది. అదేనా?

#19 గ్రబ్‌గణపతి
అదే. డిసేబుల్ చెయ్యండి, పద్ధతి పైన చెప్పిందే. కొన్ని బ్రాండ్లలో ఆ వరస దాచి ఉంటుంది, బయోస్ మెయిన్ పేజీలో కంట్రోల్+ఎస్ కొడితే బయటపడుతుంది.

#20 పాతడబ్బా
ఎస్ఎస్‌డీ పెట్టాలని ఖాయం చేశాం. డీవీడీ డ్రైవ్ కూడా ఉంది, పాత డిస్క్ క్యాడీలో పెడతాం. రెండూ బిగించి ఇన్‌స్టాల్ చెయ్యొచ్చా?

#21 తిరగనిడిస్క్
వద్దు! ఇన్‌స్టాల్ అయ్యేదాకా పాత డిస్క్ బయటే ఉంచండి. మింట్ వాడే ఇన్‌స్టాలర్‌కి ఎప్పట్నుంచో ఒక రోగం ఉంది. బూట్‌లోడర్‌ని (సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రాం) రెండో డిస్క్ మీద పెట్టమని చెప్పినా, మొదటి డిస్క్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ కనపడితే దాంట్లోకే వెళ్లి పెడుతుంది. తర్వాత పాత డిస్క్ తీసిన రోజు లినక్స్ లేవదు. ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంటే "ఇరేజ్ డిస్క్ అండ్ ఇన్‌స్టాల్" కళ్లు మూసుకుని నొక్కొచ్చు. ఈఎఫ్ఐ పార్టిషన్, ఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) రూట్, 2 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది) అన్నీ అదే చూసుకుంటుంది.

#22 నీలితెర
లాప్‌టాప్ బయట తిరిగేదైతే అదే పేజీలో "అడ్వాన్స్‌డ్ ఫీచర్స్" లోపల ఎన్‌క్రిప్షన్ ఆప్షన్ ఉంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే దేవుడు కూడా తియ్యలేడు, రికవరీ కీ పంపే కంపెనీ ఏదీ లేదిక్కడ.

#23 అర్ధరాత్రిఅప్‌డేట్
ఎన్విడియా గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? నల్లతెర వస్తే జనం పారిపోయేది అక్కడే.

#24 రైజన్‌రాణి
మింట్ పెన్‌డ్రైవ్ మెనూలో రెండో వరస "కంపాటిబిలిటీ మోడ్" ఉంటుంది, నల్లతెర వస్తే దాంతో లేపండి. అది నోమోడ్‌సెట్ అనే మాటని కెర్నల్‌కి అందిస్తుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకుండా సాదా తెర వేస్తుంది.

పాతడబ్బా గారి 940ఎంఎక్స్ విషయంలో నా సలహా: ఎన్విడియా డ్రైవర్ వెయ్యొద్దు. బ్రౌజర్, ఆఫీసు పనికి ఇంటెల్ హెచ్‌డీ 620 సరిపోతుంది, బ్యాటరీ మిగులుతుంది. ఆ కార్డు మ్యాక్స్‌వెల్ తరానిది, దానికి 580 సిరీస్ డ్రైవరే ఆఖరు.

#25 అర్ధరాత్రిఅప్‌డేట్
చేతిలో కార్డు పెట్టుకుని వాడొద్దంటే ఎలా? వీడియో ఎడిటింగ్ చేస్తే?

#26 రైజన్‌రాణి
చేస్తే వెయ్యండి, మింట్ డ్రైవర్ మేనేజర్‌లో "రికమెండెడ్" అని ఉన్నదే. ఎన్విడియా సైట్ నుంచి దించిన రన్ ఫైల్ వద్దు, కెర్నల్ అప్‌డేట్ వచ్చిన రోజు తెర పోతుంది.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇంకో మెలిక ఉంది. డ్రైవర్ మీ మెషీన్‌లోనే తయారై, మీ మెషీన్ కీతోనే సంతకం అవుతుంది. ఆ కీ (ఎంఓకే) నమ్మదగినదని మెషీన్‌లో నమోదు కావాలి. అందుకే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడుగుతుంది. రీస్టార్ట్ అవ్వగానే నీలం తెర మీద "ప్రెస్ ఎనీ కీ టు పెర్ఫార్మ్ ఎంఓకే మేనేజ్‌మెంట్" అని పది సెకన్లు లెక్కపెడుతుంది. ఆ లోపల ఏదో ఒక కీ కొట్టాలి. తర్వాత ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, ఎస్, ఇందాకటి పాస్‌వర్డ్, రీబూట్. చాలామంది టీ తాగి వచ్చేసరికి ఆ తెర వెళ్లిపోయి ఉంటుంది. డ్రైవర్ ఉన్నట్టే కనపడుతుంది, లోడ్ మాత్రం అవ్వదు. ఆ తెర మీద కీబోర్డ్ అమెరికన్ లేఅవుట్‌లో ఉంటుంది కాబట్టి గుర్తులు లేని సాదా పాస్‌వర్డ్ పెట్టుకోండి.

#27 సుడోసుబ్బడు
లేదా సెక్యూర్ బూట్ ఆపేసి హాయిగా ఉండండి.

#28 నీలితెర
ఆపేస్తే డ్యూయల్ బూట్‌లో బిట్‌లాకర్ కీ అడుగుతుంది అని 4వ పోస్టులోనే చెప్పారు. చదివి రాయి సుబ్బడూ.

అన్నట్టు 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలా డ్యూయల్ బూట్ మెషీన్లలో "వెరిఫయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్" అని వచ్చి లినక్స్ ఆగిపోయింది. పాత బూట్‌లోడర్లని ఆ అప్‌డేట్ నమ్మకం లేని జాబితాలో పెట్టింది. ఇప్పటికీ ఎవరికైనా అలా వస్తే: సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యుటిల్ అనే టూల్‌తో ఆ జాబితాని (ఎస్‌బ్యాట్ పాలసీ) డిలీట్ చేసి, రీస్టార్ట్ చేసి, బూట్‌లోడర్ ప్యాకేజీలు అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేసుకోండి. అందుకే ఏళ్ల నాటి ఐఎస్ఓ కాకుండా తాజాది దించండి అనేది.

#29 గట్లనేగట్లనే
వైఫై రాకపోతే ఏం జెయ్యాలె? డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలె, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలె. ముందు దేన్ని పట్టుకోవాలె?

#30 ఆకలివైఫై
ఫోన్‌ని పట్టుకోవాలె. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఫోన్‌లో "యూఎస్‌బీ టెథరింగ్" ఆన్ చేస్తే లినక్స్ దాన్ని వైర్డ్ కనెక్షన్ అనుకుంటుంది, డ్రైవర్ ఏమీ అక్కర్లేదు. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరవండి. బ్రాడ్‌కామ్ చిప్ అయితే అక్కడే దొరుకుతుంది. ఇంటెల్ చిప్‌లకి సాధారణంగా ఏమీ చెయ్యక్కర్లేదు. రియల్‌టెక్ పాతవాటికి చాలావరకు ఇప్పుడు కెర్నల్‌లోనే డ్రైవర్లు వచ్చేశాయి. కాబట్టి పాత కెర్నల్ ఉన్న ఐఎస్ఓలో రాని వైఫై కొత్త కెర్నల్‌లో దానంతటదే రావచ్చు. మింట్ అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ, లినక్స్ కెర్నల్స్‌లో కొత్తది ఎంచుకోవచ్చు. పాతది తీసెయ్యొద్దు. కొత్తది మొరాయిస్తే గ్రబ్ (లినక్స్ బూట్ మెనూ) "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లోంచి పాతదాంతో లేవచ్చు.

#31 డెబియన్‌దాసు
ఇప్పుడు పేర్ల సంగతి. డెబియన్ 13 2025 ఆగస్టులో వచ్చింది. 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే వైఫై ఫర్మ్‌వేర్ కలిపి ఇస్తున్నారు, పాత ఫిర్యాదు చెల్లదు. ఒకసారి వేస్తే ఏళ్లు కదలదు. మొదటిసారి వచ్చేవాళ్లకి మాత్రం డ్రైవర్ మేనేజర్ లాంటి సౌకర్యాలు తక్కువే.

#32 ఫెడోరాపాండు
ఫెడోరా కెర్నల్ తాజాగా ఉంటుంది, కొత్త హార్డ్‌వేర్‌కి అదే మంచిది. కానీ సుమారు ఆరు నెలలకో విడుదల, ఒక్కోదానికి దాదాపు 13 నెలల సపోర్ట్. ఏడాదికోసారైనా పెద్ద అప్‌గ్రేడ్ తప్పదు. వీడియో కోడెక్‌లకి ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల భాండారం కలుపుకోవాలి. నేను ఫెడోరా మనిషినే, అయినా 7వ తరం ఇంటి లాప్‌టాప్‌కి సిఫార్సు చెయ్యను.

#33 సుడోసుబ్బడు
అంటే 2వ పోస్టే కరెక్ట్!

#34 అరవైనాలుగుబిట్లు
ఈసారికి అవును. మింట్ 22 వరస ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు. యాప్‌లకి ఉబుంటులోని స్నాప్ పద్ధతి బదులు ఫ్లాట్‌ప్యాక్ పద్ధతి. ఫ్లాట్‌ప్యాక్ యాప్ మీ ఫోల్డర్ చూడలేకపోతే అది లోపం కాదు, దానికి అనుమతి లేదు. ఫ్లాట్‌సీల్ అనే చిన్న టూల్‌తో ఇచ్చుకోవచ్చు.

#35 పాతడబ్బా
మింట్‌కే ఫిక్స్. వర్డ్ ఫైళ్లు, తెలుగు, ప్రింటర్?

#36 పేజీనంబరు
వర్డ్ ఫైల్ చెదిరిందంటే ముందు అనుమానించాల్సింది ఫాంట్‌ని. కాలిబ్రి లేకపోతే లిబ్రేఆఫీస్ ఇంకోటి పెడుతుంది, అక్షరాల వెడల్పు మారి పేజీలు జారతాయి. కార్లిటో ఫాంట్ కాలిబ్రి కొలతలకీ, కలాడియా కేంబ్రియా కొలతలకీ సరిగ్గా సరిపోతాయి. రెండూ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఉన్నాయి, వేసుకోండి. ఏరియల్, టైమ్స్ కోసం ఎంఎస్ కోర్ ఫాంట్స్ ప్యాకేజీ ఉంది. టెర్మినల్‌లో వేస్తే మధ్యలో ఒక లైసెన్స్ తెర వచ్చి ఆగుతుంది, అక్కడ మౌస్ పనిచెయ్యదు. ట్యాబ్ కొట్టి ఓకే మీదకి వచ్చి ఎంటర్. అక్కడ ఇరుక్కుని కిటికీ మూసేస్తే ప్యాకేజీ సగంలో వేలాడుతుంది.

తెలుగుకి రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ వేళ్లకి అలవాటైతే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్‌లో తెలుగు కలపండి, ఇంకేం అక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటైతే ఐబస్, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు వేసి, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, లాగవుట్ అయి లోపలికి రండి. అప్పుడు తెలుగు కింద ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన లాంటివి కనిపిస్తాయి. లాగవుట్ అవ్వకుండా "రావట్లేదు" అని అడిగేవాళ్లే ఎక్కువ.

ఫైల్‌లో గౌతమి, నిర్మల ఫాంట్లుంటే నోటో తెలుగు వచ్చి కూర్చుంటుంది, వరసలు కొంచెం జరుగుతాయి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు మాత్రం పిచ్చి గీతల్లా కనపడతాయి. అవి తెరవాల్సినవాళ్లు 9వ పోస్టులోని వర్చువల్‌బాక్స్ దారి పట్టొచ్చు.

#37 నీలితెర
ప్రింటర్: నెట్‌వర్క్‌లో ఉండి ఎయిర్‌ప్రింట్ తెలిసినదైతే డ్రైవర్ లేకుండానే వచ్చేస్తుంది. ఒకే ప్రింటర్ రెండు పేర్లతో కనిపిస్తే ఒకటి డ్రైవర్ లేనిది, ఇంకోటి డ్రైవర్‌తో వచ్చింది. టెస్ట్ పేజీ సరిగా వచ్చినదాన్ని ఉంచి రెండోది తీసెయ్యండి. లేకపోతే ఇంట్లో సగం మంది పనిచెయ్యనిదానికి పంపి "ప్రింట్ రాలేదు" అంటారు.

హెచ్‌పీ చిన్న లేజర్లలో కొన్నింటికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ ప్యాకేజీతో పాటు ప్లగిన్ అనే అదనపు ఫైల్ కావాలి. దాని వెర్షన్ హెచ్‌పీలిప్ వెర్షన్‌తో అచ్చంగా కలవాలి. ఓఎస్ అప్‌గ్రేడ్ అయ్యాక ప్రింటర్ హఠాత్తుగా మూగబోతే మొదట చూడాల్సింది అదే.

#38 గట్లనేగట్లనే
గేమ్స్ ముచ్చట?

#39 అర్ధరాత్రిఅప్‌డేట్
స్టీమ్‌లో విండోస్ గేమ్‌లని లినక్స్‌లో నడిపే ప్రోటాన్‌తో చాలావరకు నడుస్తాయి. కెర్నల్ లోపల కూర్చునే యాంటీచీట్ ఉన్నవి నడవవు, వాలొరాంట్ లాంటివి. గేమ్ లైబ్రరీ ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైల్‌సిస్టమ్) డ్రైవ్ మీద పెట్టొద్దు, ఎక్స్‌టీ4 మీద పెట్టండి.

#40 పాతడబ్బా
మింట్ ఎస్ఎస్‌డీ మీద పడింది. వైఫై, సౌండ్, ప్రింటర్, తెలుగు అన్నీ వచ్చాయి. ఎన్విడియా డ్రైవర్ వెయ్యలేదు. పాత డిస్క్ క్యాడీలో బిగించాక మూడు మిగిలాయి. గ్రబ్ మెనూలో విండోస్ లేదు. డీ డ్రైవ్‌లో కొత్త ఫైల్ పెట్టనివ్వట్లేదు, "రీడ్ ఓన్లీ" అంటోంది. విండోస్‌లోకి వెళ్లి వస్తే గడియారం గంటల తేడాతో ఉంటోంది.

#41 గ్రబ్‌గణపతి
విండోస్ మెనూలో లేకపోవడం మామూలే, ఇన్‌స్టాల్ సమయంలో ఆ డిస్క్ లేదు కదా. కావాలంటే గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్‌లో ఓఎస్ ప్రోబర్ (వేరే సిస్టమ్‌లని వెతికేది) ఆన్ చేసి అప్‌డేట్-గ్రబ్ కొట్టొచ్చు. నేనైతే అలాగే వదిలేస్తా. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ కొట్టి డిస్క్ ఎంచుకోండి: లెనోవో, డెల్, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. అలా ఉంటే ఒక డిస్క్ గొడవ ఇంకోదానికి అంటదు.

రీడ్ ఓన్లీ అంటే ఫాస్ట్ స్టార్టప్ మళ్లీ ఆన్ అయి ఉంటుంది, పెద్ద విండోస్ అప్‌డేట్లు అలా చేస్తుంటాయి. ఆపేసి, విండోస్‌లో "షట్‌డౌన్" కాకుండా ఒకసారి "రీస్టార్ట్" కొట్టి లినక్స్‌లోకి రండి. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగా ఆగుతుంది. ఇంకా అలాగే ఉంటే విండోస్‌లోనే చెక్‌డిస్క్ నడపండి. లినక్స్‌లో బలవంతంగా రాసే మోడ్ పెట్టొద్దు.

గడియారానికి: మదర్‌బోర్డ్ గడియారాన్ని విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది, లినక్స్ యూటీసీ అనుకుంటుంది. టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్‌కి సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇస్తే లినక్స్ సర్దుకుంటుంది, కాకపోతే ఒక హెచ్చరిక వేస్తుంది. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ 1 చెయ్యడం ఇంకా శుభ్రం. రెండూ చెయ్యొద్దు, మళ్లీ తేడా వస్తుంది.

#42 డెబియన్‌దాసు
డీ డ్రైవ్‌ని ఆటోమేటిక్‌గా మౌంట్ చేసుకునేటప్పుడు ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అప్పుడు కలుపుకునే డ్రైవ్‌ల జాబితా ఫైల్) చేత్తో రాస్తే "నోఫెయిల్" తప్పకుండా చేర్చండి. అది లేకుండా రాసి, ఏదో ఒక రోజు క్యాడీ తీసేస్తే బూట్ 90 సెకన్లు ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది. డిస్క్స్ అప్లికేషన్‌లోని "ఎడిట్ మౌంట్ ఆప్షన్స్" నుంచి పెడితే అదే చేర్చుకుంటుంది.

#43 తిరగనిడిస్క్
టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్‌ని పాత స్థితికి తిప్పే టూల్) కూడా ఆన్ చేసుకోండి, రోజువి రెండు, వారానిది ఒకటి చాలు. అది ఎన్‌టీఎఫ్ఎస్ మీద పనిచెయ్యదు, కాబట్టి డీ డ్రైవ్ చూపించొద్దు, ఎస్ఎస్‌డీ మీదే పెట్టండి. సిస్టమ్‌నే కాపాడుతుంది, హోమ్‌లోని మీ ఫైళ్లు అందులోకి రావు. ఫొటోల బ్యాకప్ వేరేగా చూసుకోవాలి.

#44 పాతడబ్బా
ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లోనే ఉంది, ఆపేశా. రీస్టార్ట్ కొట్టి వచ్చాక డీ డ్రైవ్‌లో రాయనిస్తోంది. గడియారానికి రిజిస్ట్రీ దారి పట్టా, సరిపోయింది. ఈ పాత డిస్క్ ఇంకెంత కాలం వస్తుందో చూసుకునే దారి ఉందా?

#45 తిరగనిడిస్క్
డిస్క్స్‌లో ఆ డ్రైవ్ ఎంచుకుని మూడు చుక్కల మెనూలో "స్మార్ట్ డేటా". "రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్", "కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్" రెండూ సున్నా ఉంటే ప్రస్తుతానికి పర్లేదు. పెండింగ్ పెరుగుతూ పోతుంటే ఫొటోలు ఆ రోజే వేరే డిస్క్ మీదకి తీసెయ్యండి.